శుక్రవారం నాలుగున్నరకు

దస్తగిరి ఆ ఉదయం గురువు దగ్గరికి ఒక మాట అడగడానికి వచ్చాడు. రోగులెవరూ ల్యాప్‌టాప్‌ను ముట్టకూడదని అందరికీ ఒకసారి గట్టిగా చెప్పమని.

"మొన్న ఓబులమ్మవ్వ సంగటి చేత్తోనే స్క్రీన్ పట్టుకునింది హజ్రత్. మద్దిలేటన్న దగ్గితే తెమడ మీటల సందుల్లోకి పోయింది. నేనెంతని తుడిచేది?"

ఖలందర్ సాయిబు వసారాలో కూర్చుని ఒక ముసలాయన కాలి పుండుకు కట్టు కడుతున్నాడు. తలెత్తలేదు.

"ఆ మిషన్ నీకప్పగించినా గదా. నీకు తోచినట్టు చేయి," అన్నాడు.

దస్తగిరి దాన్ని అనుమతి అనుకున్నాడు.

నాపరాళ్ల గనుల మధ్య, ఒక గుట్ట కింద ఉండేది ఆ ఖాన్‌ఖా. పేరుకు సూఫీల మఠం. నిజానికి రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, పెద్దాస్పత్రి వాళ్లు ఇంక ఇంటికి పొండి అన్నవాళ్లు వచ్చి పడుకునే చోటు. పద్దెనిమిది మంచాలు. ఏ కులమని, ఏ మతమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. పోయినవాళ్లను తీసుకుపోవడానికి మనుషులుంటే తీసుకుపోయేవాళ్లు. లేకపోతే వెనక ఉన్న దొడ్లో ఖలందర్ సాయిబే మట్టి చేసేవాడు.

చేతిచేతికీ పెద్ద ఫోన్లు ఇంకా రాని రోజులవి. గుట్ట అడ్డం వల్ల మామూలు ఫోన్లకే సిగ్నల్ అందేది కాదు. తీగ మీద వచ్చే నెట్, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిన ల్యాప్‌టాప్, ఈ రెండే బయటి లోకానికి దారి. దూరాన ఉన్న బిడ్డల ముఖాలు, పెళ్లాల ముఖాలు అందులోనే చూసుకునేవాళ్లు.

అంతకుముందు ఇంకొకటి ఉండేది. దాన్ని పట్టించుకున్నవాడు లేడు. పరుపు మీద పెట్టి వాడితే కింది సందులు మూసుకుపోయి లోపల కాగిపోయేది. చివరికి ఎవరో గంజి ఒలకబోశారు. అది ఆగిపోయాక కొత్తది వచ్చేలోపు ముగ్గురు తమవాళ్లను చూడకుండానే పోయారు. దస్తగిరి ఖాన్‌ఖాకు వచ్చింది ఆ తర్వాతే. అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో తొమ్మిదేళ్లు పనిచేసినవాడు. భార్యకు విడాకులిచ్చి, షాపు మానేసి, దారి చూపమని వచ్చి ఖలందర్ సాయిబు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన అతనికి జపమూ చెప్పలేదు, ఉపవాసమూ చెప్పలేదు. కొత్త ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, "దీన్ని చూసుకో," అన్నాడు.

చూసుకున్నాడు. దాన్ని ఎప్పుడూ చెక్కబల్ల మీదే పెట్టేవాడు, కింద నాలుగు రబ్బరు ముక్కలు వేసి, గాలి ఆడేట్టు. చార్జింగ్ మొత్తం అయిపోనిచ్చేవాడు కాదు, రోజంతా తీగకు తగిలించి వదిలేసేవాడూ కాదు. స్క్రీన్‌కు మెత్తటి పొడిగుడ్డ వేరు, మీటలకు స్పిరిట్ అద్దిన దూది వేరు. ఆ ఊళ్లో గాలి నిండా రాతిపొడే కాబట్టి పదిహేను రోజులకొకసారి అడుగు మూత విప్పి, ఫ్యాను రెక్కలను సన్న బ్రష్‌తో దులిపేవాడు. రెండేళ్లయినా కొన్ననాటి మాదిరే ఉండేది. ఎవరైనా ఊరి నుంచి వస్తే ఖలందర్ సాయిబు కంటే ముందు దాన్నే చూపించేవాడు.

గురువు దగ్గర మాట తీసుకున్న ఆ రోజు శుక్రవారం.

మధ్యాహ్నం నమాజు అయిపోయాక దస్తగిరి తన గది తలుపు దగ్గరగా వేసి, ల్యాప్‌టాప్ విప్పాడు. మద్దిలేటి దగ్గిన మరకల కోసమే మొదలుపెట్టాడు. మీటలు ఒక్కొక్కటీ ఊడదీసి, స్పిరిట్‌తో తుడిచి, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చాడు. అడుగు మూత తీసి చూస్తే ఫ్యాను వెనక పొడి అట్ట కట్టి ఉంది. దాన్ని గీకుతూ కూర్చున్నాడు. శుక్రవారం నాలుగున్నర మద్దిలేటిదని అతనికి గుర్తే. అప్పటికి అయిపోతుందిలే అనుకున్నాడు.

మద్దిలేటి పాలిష్ మిషన్ మీద ఇరవై ఏళ్లు రాళ్లు నునుపు చేసిన మనిషి. నలభై మూడేళ్లకే అరవై దాటినట్టు ఉండేవాడు. భార్య సుంకులమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. వారానికి ఒక్కసారి, శుక్రవారం, రెండు గంటలు బయటికి వదిలేవాళ్లు. ఆ రెండు గంటల్లో ఆమె నెట్ సెంటర్‌కు నడిచి వచ్చి, మనకు నాలుగున్నర అయ్యేసరికి పిలిచేది. ఆమెకు ఫోన్ లేదు. ఆ ఇంటి నంబరు ఎవరికీ ఇవ్వొద్దన్నారు.

నాలుగుంబావుకు మద్దిలేటి గోడ పట్టుకుని వచ్చాడు. వార్డు నుంచి ఆ గదికి ముప్పై అడుగులుండవు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎవరి చేతో గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

బల్ల మీద విడివిడిగా పరిచి ఉన్న ముక్కలు చూసి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఇంకెంత సేపు భాయ్?"

"ఈ పొద్దుకు కాదు మద్దిలేటన్నా. చూస్తాండావు గదా, అంతా ఇప్పి పెట్టినా."

"బిగిస్తే పలకదా?"

పలుకుతుంది. మీటలు లేకపోయినా ముఖం కనపడుతుంది, మాట వినపడుతుంది. అడుగు మూత బిగించడం పది నిమిషాల పని. అది దస్తగిరికి తెలుసు. కానీ సగం తుడిచిన దాన్ని మూయడానికి అతని చేతులు ఒప్పుకోలేదు. పైగా మళ్లీ దగ్గుతాడు, మళ్లీ మొదటికొస్తుంది.

"సగంలో బిగిస్తే పాడైపోతాది. వచ్చే వారం మాట్లాడుదువులే. అద్దం మాదిరి చేసి పెడతా. వదినమ్మ మొగం ఇంకా బాగా కనపడ్తాది."

మద్దిలేటి తెల్లగుడ్డ మీది మీటల వైపు చూశాడు.

"నేను దగ్గినందుకే గదా ఇదంతా," అన్నాడు. "సరేలే. నీ పని నువ్వు చేస్కో."

వెళ్లలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాడు. అయిదున్నర దాకా అక్కడే ఉన్నాడు. దస్తగిరికి ఊపిరి చప్పుడు వినపడుతూనే ఉంది, తడి బట్ట చింపుతున్నట్టు. ఒకసారి లేచి తలుపు పూర్తిగా వేశాడు.

మంగళవారం పొద్దున మద్దిలేటి పోయాడు.

కబురు పంపితే అతని అన్న, రాలేనన్నాడు. వెనక దొడ్లో గుంత తవ్వించారు. శవస్నానానికి నీళ్లు కాగాక ఖలందర్ సాయిబు దస్తగిరి గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకు వయసైపోయింది. మనిషిని ఒక్కణ్ణే తిప్పలేను. శుభ్రం చేయడం నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. రా."

దస్తగిరి అంతకుముందు శవాన్ని ముట్టినవాడు కాదు. తడిక వెనక బల్ల మీద మద్దిలేటిని పడుకోబెట్టారు. ఖలందర్ సాయిబు చెంబుతో పోస్తుంటే దస్తగిరి కడిగాడు. ముఖం, చెవుల వెనక, మెడ మడతలు. పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. చేతుల దగ్గరికి వచ్చేసరికి గోళ్ల మొదట్లో బూడిద రంగు ఉంది. సబ్బు పెట్టి రుద్దాడు. పోలేదు. మళ్లీ రుద్దాడు. వేలి చర్మం ఎక్కడ కదిలిపోతుందోనని భయమేసినా రుద్దుతూనే ఉన్నాడు.

ఖలందర్ సాయిబు చెంబు కింద పెట్టి, అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పోదులే. అది మురికి కాదు."

శుక్రవారం సంగతి ఆయన అడగలేదు, దస్తగిరి చెప్పలేదు. కానీ బెంచీ వసారాకు ఎదురుగానే ఉంది. ఆ రోజు గంటకు పైగా అక్కడ కూర్చున్న మనిషిని ఆయన చూడకపోయి ఉండడు.

బుధవారం, గురువారం గడిచాయి. కువైట్‌లో ఆమెకు ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. ఆమె పిలిస్తేనే చెప్పాలి. ఆమె పిలిచేది శుక్రవారమే.

శుక్రవారం నాలుగు గంటలకే దస్తగిరి ఖలందర్ సాయిబును గదిలోకి పిలుచుకొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. "మీరు చెప్పండి హజ్రత్. మీ నోటితో వింటే తట్టుకుంటాది. నాకు మాట రాదు." ఆయన సరేననలేదు, కాదనలేదు. కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ నిజంగానే అద్దంలా ఉంది. ఒక్క మరక లేదు, ఒక్క వేలిముద్ర లేదు.

నాలుగున్నరకు అది మోగింది.

ఖలందర్ సాయిబు లేచాడు. ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో మెల్లగా దస్తగిరి వైపు తిప్పాడు. తాను ముక్కాలిపీట జరుపుకుని, ఆమెకు కనపడనంత దూరంలో గోడవార కూర్చున్నాడు.

అది మోగుతూనే ఉంది. దస్తగిరి మీట నొక్కాడు.

సుంకులమ్మ తలకు నల్లగుడ్డ చుట్టుకుని, వంగి చూస్తోంది. వెనక ఎవరెవరివో గొంతులు.

"ఎవరూ, దస్తగిరన్నా? ఆయప్ప యాడ?"

దస్తగిరి చెప్పాడు. ఎలా చెప్పాడో తర్వాత అతనికే గుర్తు లేదు. మంగళవారం అన్నాడు. పొద్దున అన్నాడు. నొప్పి పడలేదు అని కూడా అన్నాడు, అది అబద్ధం.

ఆమె ఏడవలేదు. చాలాసేపు అలాగే చూసింది. నెట్ ఆగిపోయి బొమ్మ నిలిచిపోయిందేమో అనుకున్నాడు. అప్పుడామె రెప్పవేసింది.

"పోయిన వారం నేను పిలిస్తిని గదన్నా. గంటసేపు పిలిస్తిని. ఎవరూ ఎత్తలా."

దస్తగిరి గోడ వైపు చూశాడు. ఖలందర్ సాయిబు నేల చూస్తున్నాడు.

"మిషన్ చెడిపోయినాదా?" అని ఆమే అడిగింది. అడిగిన తీరులో నింద లేదు. చెడిపోయిందంటే నమ్మేది. నమ్మి, ఊరుకునేది.

దస్తగిరి నోటిదాకా వచ్చింది ఆ మాట.

"లేదమ్మా," అన్నాడు. "మిషన్ బాగనే ఉండె. నేను తుడుస్తాంటి."

ఆమెకు అర్థం కాలేదు. "తుడుస్తాంటివా?"

"ఆయన వచ్చినాడు. గడ్డం గీయించుకోని వచ్చినాడు. నేనే బిగించియ్యలా. పది నిమిషాల పని. వచ్చే వారం మాట్లాడుదువులే అంటి."

వెనక గొంతులు అలాగే వినపడుతున్నాయి. ఎవరో అరబ్బీలో నవ్వుతున్నారు. సుంకులమ్మ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి గొంతు మారింది.

"యాడ పెట్టినారు ఆయప్పను? సూపియ్యన్నా."

నెట్ తీగ కిటికీ దాకానే అందుతుంది. దస్తగిరి ల్యాప్‌టాప్‌ను రెండు చేతుల్లో ఎత్తుకుని వెనక కిటికీ దగ్గరికి పోయాడు. చువ్వలు లేని కిటికీ. చేతులు బయటికి చాచి, దొడ్లో కొత్తమట్టి వైపు తిప్పి పట్టుకున్నాడు. గనుల మీది నుంచి గాలి విసురుగా వస్తోంది. తెల్లటి పొడి మీటల మీద, స్క్రీన్ మీద, అతని కళ్లలో పడుతోంది. బరువుకు మోచేతులు కిటికీ గట్టుకు ఆన్చాడు.

"ఇంగ కొంచెంసేపు పట్టుకోన్నా," అంది ఆమె.

పట్టుకున్నాడు. ఎంతసేపని లెక్క లేదు. చివరికి టక్కుమని శబ్దమొచ్చి, తెర నల్లబడింది. నెట్ సెంటర్‌లో ఆమె డబ్బు కట్టిన గంట అయిపోయింది.

ల్యాప్‌టాప్‌ను లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీటల సందుల్లో పొడి, ఫ్యాను బరబరమంటోంది. దానివైపు చూడకుండా నేల మీద కూలబడ్డాడు. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఏడుపు తగ్గేదాకా ఖలందర్ సాయిబు ఆ గోడవారే కూర్చున్నాడు.

"ఈ పని నాకొద్దు హజ్రత్," అన్నాడు దస్తగిరి చివరికి. "ఇంకెవరికైనా ఇయ్యండి. పాయఖానాలు కడుగుతా. నేను దీన్ని ముట్టను."

ఆయన లేచి బల్ల దగ్గరికొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి, కూజాలో తడిపి, స్క్రీన్ మీద రుద్దబోయాడు. అప్పటికే రాతిపొడి కరకరమంది.

దస్తగిరి లేచి ఆయన చేయి పట్టుకున్నాడు. "తడి తగలకూడదు హజ్రత్. ముందు దులపాల. లేకుంటే గీతలు పడిపోతాయి."

ఖలందర్ సాయిబు తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. సొరుగు తెరిచి, సన్న బ్రష్ వెతికి, దస్తగిరి చేతిలో పెట్టాడు. గడప దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

"తుడువు," అన్నాడు. "ఎవరన్నా వస్తే తుడిచేది ఆపు."