గువ్వలలంక వరదకత్తి

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, గోదావరి నడుమ గువ్వలలంక అనే చిన్న ఊరు ఉండేది. పన్నెండు గడపలు, ఒకే ఒక్క పెద్ద పడవ. వరద వస్తే ఊరంతా ఆ పడవెక్కి అవతలి గట్టుకు చేరాల్సిందే.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఏటా ఏరువాక పున్నమి నాడు, పడవలో ఉంచడానికి ఒక కత్తిని ఎంచేవారు. వరదలో తాడు తెంచాలన్నా, అడ్డొచ్చిన కొమ్మ నరకాలన్నా అదే దిక్కు. దాన్ని వరదకత్తి అనేవారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి పడవ ముందు భాగాన కట్టేవారు. పూజ అయ్యాక వరద వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ముడితే అపచారమట!

ఇందులో చిక్కేమిటంటే, ఎంచేటప్పుడు అందరూ కత్తినే చూసేవారు. కోయాల్సింది ఏమిటో ఒక్కరూ ఆలోచించేవారు కారు.

ఆ ఏడు ముగ్గురు ముందుకు వచ్చారు.

మొదట ఊరి పెద్ద, పెదకాపు గవర్రాజు వెండిపిడి కత్తి తెచ్చాడు. నల్లటి తోలు ఒర, ఒరకు ఎర్ర పట్టుకుచ్చు. "మా తాతగారికి రాజుగారు బహుమానమిచ్చిన కత్తి ఇది. దీన్ని చూస్తే గోదారే పక్కకి తప్పుకుంటాది" అన్నాడు.

తర్వాత వస్తాదు జగ్గయ్య భుజాన గొడ్డలి పెట్టుకుని వచ్చాడు. "మూడంటే మూడు దెబ్బలు. తాడిచెట్టయినా పడాల్సిందే" అన్నాడు.

చివరికి సూరాలు వచ్చింది. గట్ల వెంట గడ్డి కోసి, గేదెను మేపుకుని బతికే మనిషి. ఆమె చేతిలో ఉన్నది కక్కు కొడవలి, అంటే అంచున సన్నని పళ్లున్న కొడవలి. దాని పిడి ఆమె చేతిలో అరిగి అరిగి నున్నబడిపోయింది.

ఊరంతా పకపకా నవ్వింది. "గడ్డి కొడవలికి పూజేంటే సూరాలూ? తీసుకెళ్లి నీ గేదెకి చూపించుకో!" అన్నాడు జగ్గయ్య.

సూరాలుకు మనసు చివుక్కుమంది. తనకు గొప్ప అక్కర్లేదు. కానీ ఆమె కూతురు నూకాలు కడుపుతో ఉంది. శ్రావణానికి నెలలు నిండుతాయి. వరదలూ అప్పుడే వస్తాయి.

"నాకు దండలొద్దండి పెదకాపుగారూ. పడవలో నా పిల్ల ఉంటాది. పనికొచ్చేదేదో చూసి పెట్టండి, చాలు" అంది.

"రాజులిచ్చిన కత్తి పనికిరాదంటావా?" అని గవర్రాజు చిన్నబుచ్చుకున్నాడు. వెండిపిడి కత్తికే దండ పడింది. జగ్గయ్య అలుగుతాడని గొడ్డలిని కూడా పడవలో వేశారు. సూరాలు కొడవలి నడుముకు దోపుకుని గడ్డికి వెళ్లిపోయింది.

శ్రావణం రానే వచ్చింది. ఒకనాటి ఉదయం గోదావరి ఎర్రగా పొంగి ఊళ్లోకి వచ్చేసింది. గొడ్లను ముందురోజే అవతలి గట్టుకు ఈదించారు. ఇప్పుడు జనమంతా పడవెక్కారు. నూకాలును మధ్యలో పడుకోబెట్టారు.

అయితే పడవ కొట్టుకుపోతుందన్న భయంతో, ముందురోజే దాని ముక్కు కిందనున్న కొక్కేన్ని కొబ్బరిపీచు మోకుతో గుంజకు కురచగా కట్టేశారు. గుంజ మునిగింది, రెండు కొసల ముళ్లూ మునిగాయి. నానిన ముళ్లు బిగుసుకుపోయాయి. నీరు పెరిగేకొద్దీ పడవ పైకి లేవాలని చూస్తోంది. మోకు దాని ముక్కును కిందికి లాగుతోంది. ఇంకో బెత్తెడు పెరిగితే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి.

"వరదకత్తి తీయండి!" అని అరిచాడు గవర్రాజు.

తీస్తే వస్తుందా? రెండు నెలల వానకు తడిసి, కత్తి ఒరలోనే తుప్పు పట్టింది. ఒకరు లాగారు, రాలేదు. ఇద్దరు లాగారు, రాలేదు. ముగ్గురు కలిసి లాగితే వెండిపిడి ఊడి చేతికొచ్చింది.

జగ్గయ్య గొడ్డలి ఎత్తాడు. నీళ్లలో గొడ్డలికి ఊపెక్కడిది? మొదటి దెబ్బకు నీళ్లు చిమ్మాయి. రెండో దెబ్బకు మోకు పక్కకు జారింది. మూడో దెబ్బ పడవ అంచుకు తగిలి చెక్క లేచింది. "బాబోయ్ జగ్గయ్యా, పడవని నరికేత్తావేంటి!" అని ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు.

"అమ్మా!" అంది నూకాలు. ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

సూరాలు లేచి ముందుకు వెళ్లింది. పడవ అంచు మీద బోర్లా పడుకుంది. "పెదకాపుగారూ, నా కాళ్లు గట్టిగా పట్టుకోండి" అంది. గవర్రాజు వంగి రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆమె మోచేతిదాకా చేయి నీళ్లలో ముంచి, కొడవలి వంపును మోకుకు తగిలించింది. గడ్డి పరకలు కోసినట్టే తనవైపు లాగింది. కొడవలి పళ్లు పీచును కరిచాయి. నీళ్లలో ఏమీ కనిపించడం లేదు. అయినా ఆ చేతికి కళ్లతో పనిలేదు. పోగు వెంట పోగు తెగింది. చివరి పోగు తెగగానే పడవ ముక్కు ఒక్క ఊపున పైకి లేచింది.

మధ్యాహ్నానికి అందరూ గట్టు చేరారు. పొద్దు వాలకముందే నూకాలు ఆడపిల్లను కన్నది. సూరాలు మనవరాలిని గుండెకు హత్తుకుని తనివితీరా ఏడ్చింది.

గవర్రాజు ఆమె ముందు తల దించుకుని నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా సూరాలూ. నా గొప్ప చూసుకుని ఊరిని ముంచబోయాను. ఇకనుంచి నీ కొడవలే మా వరదకత్తి. రేపే పూజ చేసి పడవకి కట్టిస్తాను" అన్నాడు.

సూరాలు కళ్లు తుడుచుకుని నవ్వింది. "కట్టేసి కూచోబెడితే ఇదీ మొద్దుబారిపోద్దండి. నా నడుముకే ఉండనీయండి. పడవెక్కినప్పుడు నేనూ ఎక్కుతాను కదా!" అని, గేదెకు గడ్డి కోయడానికి గట్టు దిగింది.

పిల్లలూ, ఆపదలో మనల్ని కాపాడేది చూపుకు గొప్పగా ఉన్న ఆయుధం కాదు. పనికి తగినదై, చేతికి అలవాటైన పనిముట్టే.