ఏడు తాళాల కుండ, నూరు పావురాలు

కంకణవాడ రాజు నరహరి భూపతికి ఒకరోజు నిద్ర లేస్తూనే ఒక సరదా పుట్టింది. కాలువ పెద్దను ఈసారి రైతులే ఎన్నుకోవాలి. అదీ ఎవరి గడప వాళ్ళు దాటకుండా!

"ఇంట్లో కూర్చునే ఓటేయాలంటే ఎలాగయ్యా?" అన్నాడు సభలో.

మంత్రి గుండప్పయ్య ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. మీసం మెలేసి లేచాడు. ఆయన మీసాల సంగతి చెప్పి తీరాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటికి వెన్న రాయించేవాడు. పెళ్ళాం పేరైనా మరిచిపోతాడేమోగానీ మీసం దువ్వడం మరిచేవాడు కాదు.

"ఇంటింటికీ నా గూటి పావురాన్ని ఒకటి పంపిస్తాను ప్రభూ. తాటాకు ముక్క మీద పేరు రాసి దాని కాలికి కట్టి వదిలితే చాలు, తిన్నగా కోట బురుజు మీద గూటికొచ్చి వాలుతుంది. ఆ ఆకు తీసి కుండలో వేస్తాం. కుండకు ఏడు తాళాలు. ఏడు తాళంచెవులూ నా మొలతాడుకే. దేవుడు దిగొచ్చినా ఒక్క ఓటు మార్చలేడు!"

సభంతా శభాష్ అంది. రాజుగారికి తాంబూలం చుట్టే పైడమ్మ చేతిలో మాత్రం తమలపాకు అలాగే ఆగిపోయింది.

ఆగదా మరి? పైడమ్మది కాలువ చివరి ఊరు. ఇన్నాళ్ళూ కాలువ పెద్దగా వెలగబెట్టింది సాక్షాత్తూ మంత్రిగారి బావమరిది. పై ఊళ్ళలో తన చెరకుతోటలు తడిస్తేగానీ కిందికి చుక్క వదిలేవాడు కాదు. రెండేళ్ళుగా పైడమ్మ అన్న పొలంలో నారు నారుగానే మాడిపోయింది. ఇప్పుడు ఓట్లు కూడా మంత్రిగారి గూటికే చేరాలంటే ఇక వాళ్ళ నోట్లో మట్టే.

ఉండబట్టలేక అడిగేసింది.

"అయ్యగారూ, కుండకు ఏడు తాళాలు సరే. మరి పావురానికెన్ని?"

సభ కిసుక్కుమంది. మంత్రి ముఖం కందగడ్డయింది.

"ఆకులకు సున్నం రాసుకునేదానివి, నీకెందుకే ఈ సంగతులు? నా పావురాలు దారిలో ఎక్కడా దిగవు. పొద్దున్నుంచీ కడుపు మాడ్చి మరీ వదులుతాం. గింజల కోసం గూటికి పరుగెత్తుకొస్తాయి. తెలిసిందా?"

"తెలిసిందండి," అంది పైడమ్మ. నిజంగానే తెలిసింది.

రాజుకు ఇద్దరి గొడవా మహా సరదాగా ఉంది. "ముందు పరీక్షిద్దాం! ఎల్లుండి కోటలో విందు. బూరెలు వండించాలా, బొబ్బట్లు వండించాలా? రేపు నూరు ఇళ్ళవాళ్ళు ఓటేసి చెబుతారు. అందులో నేనూ ఒకణ్ణి. పైడమ్మా, చేతనైతే ఇందులో మోసం చేసి చూపించు. చూపించలేకపోతే నీకు కోటలో పనుండదు."

పైడమ్మ బెదరలేదు.

"అలాగే ప్రభూ. మంత్రిగారు ఒక్క మాటివ్వాలి. కుండలో ఏది పడితే అదే జనం మాట. తర్వాత కాదూ కూడదూ అనకూడదు."

"అననంటే అనను! ఆకు మీద దస్తూరీ కూడా ఎవరూ చూడకూడదు. చూస్తే ఎవరి ఓటు ఏదో తెలిసిపోదూ? కుండ మాటే ఆఖరు. నా మీసం మీద ఒట్టు!"

మర్నాడు మిట్టమధ్యాహ్నం పావురాలు లేచాయి. భటులు కుండ చుట్టూ కత్తులు దూసి నిలబడ్డారు. చీమనైనా దగ్గరికి రానిస్తే ఒట్టు. పైడమ్మ అసలు ఆ ఛాయలకే రాలేదు. వంటశాల డాబా మీద సజ్జలు ఆరబోసుకుంటోందని ఎవరో అన్నారు. ఆ మాట ఎవరికి కావాలి?

సాయంత్రం నిండు సభలో మంత్రి ఒక్కొక్క తాళమే తీశాడు. లెక్కపెడితే సరిగ్గా నూరు ఆకులు.

"చూశారా ప్రభూ! ఒకటి తగ్గలేదు, ఒకటి పెరగలేదు!" అంటూ మొదటి ఆకు తీసి గట్టిగా చదవబోయాడు. "మంత్రిగారి..."

అంతే, ఆకును గబుక్కున గుప్పిట్లో దాచేశాడు.

"ఏమయ్యా, బూరెలా, బొబ్బట్లా?" అంటూ రాజే ఆకు లాక్కుని చదివాడు.

"మంత్రిగారి మీసం తీయించాలి."

రెండో ఆకూ అదే. మూడోదీ అదే. నూరుకు నూరూ అదే!

"చిత్రంగా ఉందే! నేను బూరెలని రాసినట్టు గుర్తు," అన్నాడు రాజు నవ్వు బిగబట్టుకుని. "ఏంచేస్తాం, కుండ మాటే ఆఖరు. మంగలిని పిలవండి!"

మంగలి కత్తి నూరుకుంటూ రానే వచ్చాడు. మంత్రి రెండు చేతులా మీసం పట్టుకుని లబోదిబోమన్నాడు.

"మోసం ప్రభూ! ఇవి జనం ఓట్లు కావు! అన్నిటి మీదా ఒకటే దస్తూరీ!"

"దస్తూరీ చూడకూడదన్నారుగా అయ్యగారూ," అంది పైడమ్మ.

"దారిలో ఎవరో మార్చేశారు!"

"దేవుడు దిగొచ్చినా మార్చలేడన్నారు. అంత దూరం ఎందుకండీ, రెండు మానికల సజ్జలు సరిపోయాయి. పాపం, మాడ్చిన కడుపులు కదా, డాబా మీద గింజలు చూసి నూరూ దిగాయి. నేనూ, వంటవాళ్ళూ కలిసి ఆకులు మార్చి కట్టాం. తిన్నాక బుద్ధిగా మీ గూటికే వెళ్ళాయి. మీ తాళాలు మేం ముట్టుకోనైనా లేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి పైడమ్మ చేతిలో పెట్టాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"కాలువ పెద్ద ఎన్నిక నాడు ఓటు కుండ తూము గట్టు మీద పెట్టించండి ప్రభూ. అన్ని ఊళ్ళవాళ్ళ కళ్ళముందూ మావాళ్ళు ఎవరి ఆకు వాళ్ళే వేసుకుంటారు. నడిచొస్తాం. ఎండిన కాలువలో నడవడం మాకు అలవాటే."

రాజు నవ్వు ఆగిపోయింది. "అలాగే జరుగుతుంది తల్లీ. అంతవరకూ తూము తాళంచెవి నా దగ్గరే ఉంటుంది," అన్నాడు.

మంత్రి హమ్మయ్య అనుకుంటూ మీసం మీంచి చేతులు తీశాడు. మంగలి కత్తి మడుస్తూ, "మరి నేను వెళ్ళొచ్చా ప్రభూ?" అన్నాడు.

రాజు పైడమ్మ వైపు చూశాడు. ఆవిడ తాంబూలం అందిస్తూ అమాయకంగా అంది:

"కుండ మాట కాదననని ఒట్టేసింది దేనిమీదండీ?"

"మీసం మీద!" అని సభంతా ఒక్కసారిగా అరిచింది. మంగలి మళ్ళీ కత్తి తెరిచాడు.