గున్నమ్మ నీళ్లు

అది ఎన్నడు జరిగిందో చెప్పేవాళ్లకీ తెలీదు, వినేవాళ్లకీ తెలీదు. కొండల నడుమ ఒక ఆవ ఉండేది. ఆవ అంటే మంచినీటి సరస్సు. దాని ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఊరు. ఆ ఊళ్లో గున్నమ్మ అనే ముసలామె. మొగుడు ఏనాడో పోయాడు. కూతురు సన్యాసమ్మ పురిటికొచ్చి, పసిబిడ్డతో ఇంట్లోనే ఉంది.

గున్నమ్మ పని చేపలు కోసి శుభ్రం చెయ్యడం. వానల్లో వాలుగ చేపని కోస్తే కడుపు నిండా రొయ్యపిల్లలు. చలికాలం నత్తలు. ఎండాకాలం నీటిపురుగులు, ఇంకా రెక్కలు రాని తూనీగ పిల్లలు. అలా ఎన్నో ఏళ్లు కోసింది.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. ఆవ ఇంకింది. చేపలు తగ్గాయి. ఆకలికి జనం గట్టువార గడ్డినీళ్లలో దిగారు. పాత చీరలు ముంచి రొయ్యపిల్లల్నీ నత్తల్నీ పురుగుల్నీ కలిపి దేవేశారు. తినేది ఏరుకున్నారు, మిగతాది గట్టున పారేశారు.

గున్నమ్మ ఒకరోజు వాలుగని కోసింది. కడుపు ఖాళీ. మర్నాడు ఇంకోటి కోసింది. అదీ ఖాళీ. మూడోనాడు కోసినదాని కడుపులో వేలెడేసి వాలుగ పిల్లలు. ఆమె కత్తి కింద పెట్టేసింది. లేచి కులపెద్ద దాలయ్య దగ్గరికి పోయింది.

“తమ్ముడూ, తిండి లేక వాలుగ తన పిల్లల్నే మింగతంది. వాన పడేదాకా గడ్డినీళ్లలో చీర ముంచొద్దని చెప్పు. ఆ పురుగూ రొయ్యా మిగిలితేనే ఆవ తేరుకుంటాది.”

“చెప్తాను అప్పా. మరి పిల్లలు ఆకలని ఏడిస్తే ఏటి పెట్టమంటావు? నువ్వు పెడతావా?”

అతను వెటకారానికి అనలేదు. అతని ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

“పెడతాను,” అంది గున్నమ్మ.

కూతురి పురిటికని దాచిన బానెడు చోళ్లు, అంటే రాగులు, తీసింది. పిండి విసిరింది. వాకిట్లో అంబలి కాచింది. చీర ముంచని ప్రతి ఇంటి పిల్లలకీ పోసింది.

“నా బిడ్డకి పాలు పడాలని దాచినవి ఊరికి పోసేస్తావా అమ్మా?” అని సన్యాసమ్మ ఏడ్చింది.

“నీకు పోశాకే కదే వాళ్లకి పోస్తన్నాను.”

“మరి నువ్వు?”

“నేను ముందే తాగేశాను.”

రోజులు గడిచాయి. అంబలి పల్చబడింది. దాలయ్య అడిగితే, “ముందే తాగేశాను తమ్ముడూ,” అంది. కూతురు మళ్లీ అడిగితే, “ముందే తాగేశాను లేవే,” అంది. మొదట్లో కడుపులో మంటగా ఉండేది. తర్వాత అదీ పోయింది. కాళ్లకి నీరు పట్టింది. అయినా రోజూ సాయంత్రం గట్టుకి పోయి గడ్డినీళ్లలో చెయ్యి పెట్టేది. వేళ్లకి ఏవో సన్నగా గుచ్చుకునేవి. రొయ్యపిల్లలు. వాటికోసం అలాగే కూర్చుండిపోయేది.

ఆకాశం మబ్బుపట్టిన రోజున కుండ అడుగు గీకి ఆఖరి పిల్లకి పోసింది. గోడకి చేరబడింది. మళ్లీ లేవలేదు.

గున్నమ్మని మట్టిచేసి వచ్చేసరికి వాన మొదలైంది. ఇల్లు సర్దుతూ సన్యాసమ్మ తల్లి తాగే ముంత తీసింది. లోపల సాలెపురుగు గూడు కట్టుకుని ఉంది. ఆమె ఏడుపు ఆ వాన చప్పుడులోనూ ఊరంతటికీ వినబడింది.

ఆవ నిండింది. దాలయ్య పట్టిన మొదటి వాలుగని సన్యాసమ్మే కోసింది. కడుపు నిండా రొయ్యపిల్లలు. వండిన చేపని ఆ పూట ఎవరూ ముట్టలేదు.

ఇప్పటికీ ఆ గట్టువార నీళ్లని గున్నమ్మ నీళ్లంటారు. వాన పడేదాకా అక్కడ ఎవరూ చీర ముంచరు. ఆ ఊళ్లో ఎవరింట అంబలి కాచినా, పోసే మనిషే అందరి ఎదుటా ముందు తాగాలి. తాగేశానంటే ఒప్పుకోరు. “మా కళ్లముందు తాగు,” అంటారు. ఆమె తాగేదాకా పిల్లలు కూడా ముంత చాపరు.