ముడి లేని బెల్టు

శృంగవరపుకోట దగ్గర ఒక పల్లెలో సన్యాసినాయుడనే జడకోలాటం గురువు ఉండేవాడు. ఆయన పాట గొప్పది, అడుగు గొప్పది, కానీ ఎదుటివాళ్ళ మాటను పూర్తి కానిచ్చే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

ఎవరు నోరు తెరిచినా "నాకు తెలుసులే" అనేవాడు. ఒకసారి పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళను సగం మాటలోనే పంపించేశాడు. ముహూర్తం ఏ రోజో వినలేదు. పెళ్ళి అయిపోయిన మర్నాడు పట్టుపంచె కట్టుకుని వెళ్ళి, పందిరి విప్పుతున్నవాళ్ళ మధ్య నిలబడ్డాడు.

జడకోలాటం మీలో కొందరు చూసే ఉంటారు. పైనుంచి రంగురంగుల తాళ్ళు వేలాడతాయి. ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుని, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, లోపలికీ బయటికీ అడుగులు వేస్తూ తిరుగుతారు. పాట ముగిసేసరికి తాళ్ళన్నీ కలిసి జడ పడుతుంది. "పక్కవాళ్ళకు దారి ఇవ్వండమ్మా. ఒక్కరు ఇవ్వకపోయినా జడ చిక్కుపడుతుంది" అని సన్యాసినాయుడు రోజూ చెప్పేవాడు.

ఆ ఏడు అరకులో కోలాటం పోటీలు పెట్టారు. సన్యాసినాయుడి జట్టుకు మొదటిసారి పిలుపు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి పేర్లు పిలుస్తారు, పలకని జట్టును తీసేస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఊరి వీధుల్లోనే ఆడించిన ఆయనకు, ఒక్కసారి పెద్ద వేదిక ఎక్కాలన్నదే కోరిక. తన పాత కారును కడిగాడు. పసుపు కుంకుమ పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. బానెట్ ఎత్తి మాత్రం చూడలేదు. జట్టులోని ఎనిమిది మంది ఆడవాళ్ళనూ అందులో సర్ది బయలుదేరాడు.

ఊరు దాటకముందే వెనక సీట్లోంచి నీలవేణి, "గురువుగారూ, బండి ముందర ఏదో కీచుమని..." అంది. నీలవేణి మాట మహా నిదానం. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మజ్జిగ తాగి రావచ్చు.

"నాకు తెలుసులేమ్మా. పాత బండి కదా, పాట పాడుతుంది" అన్నాడు సన్యాసినాయుడు.

"గురువు పోలికే వచ్చింది. ఆపితే ఒట్టు" అంది పైడమ్మ. జట్టులో ఆవిడే పెద్దది, గురువుకన్నా కూడా పెద్దది. కారంతా నవ్వింది.

ఘాట్ రోడ్డు సగం ఎక్కారో లేదో, ముందర టప్పుమంది. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్మింది. సన్యాసినాయుడు కారు పక్కకు తీసి చూశాడు. ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. ఇంజన్ను చల్లబరిచే ఫ్యానునూ, నీళ్ళ పంపునూ తిప్పేది ఆ బెల్టే. అది లేకుండా నడిపితే ఇంజన్ కాలిపోతుంది. వేరే బెల్టు లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. ఎక్కుదామంటే వచ్చిన ఒక్క బస్సులో కాలు పెట్టే చోటు లేదు.

సన్యాసినాయుడు తన కండువాను మెలిపెట్టి, బెల్టు చోట చుట్టి ముడి వేశాడు. స్టార్టు చేయగానే, బెల్టు తిరిగే చక్రం గాడిలో ముడి పట్టుకుని కండువా చిరిగింది.

"గురువుగారూ, ఆ ముడి..." అంది నీలవేణి.

"నాకు తెలుసులే, గట్టిగా పడలేదు" అని మిగిలిన ముక్కతో ఇంకా గట్టి ముడి వేశాడు. అది ఇంకా తొందరగా తెగింది. జట్టులో ఒకామె పైట కొంగు చింపి ఇస్తే దానికి రెండు ముళ్ళు వేశాడు. అది తిరగనే లేదు. పొద్దు నడినెత్తి దాటిపోయింది.

పిట్టగోడ మీద కూర్చున్న పైడమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "నాయుడూ, నీకు అన్నీ తెలుసు కదా, బెల్టు తెగిపోద్దని తెలీనేదేటి? ఊరు దాటకముందే ఈ పిల్ల సెప్పబోయింది. తాడు పట్టుకుంటే పక్కోళ్ళకి దారియ్యమంటావు. మాట దగ్గరికొచ్చేసరికి నువ్వు ఒక్కరికీ దారియ్యవు."

సన్యాసినాయుడికి "నాకు తెలుసులే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలోని కండువా పీలిక వంక చూసుకున్నాడు. మాట మింగేశాడు. వచ్చి గోడ మీద కూర్చుని, "చెప్పు నీలవేణమ్మా" అన్నాడు.

"ముడి గట్టిదే గురువుగారూ... అదే తంటా. లావుగా ఉండి గాడిలో పట్టేస్తంది." నీలవేణి ఆగింది. గురువు పెదవులు కదిలాయి, కానీ మాట రానివ్వలేదు. "బిందె మోసేటప్పుడు నెత్తి మీద సుట్టకుదురు పెట్టుకుంటాం కదా... దానికి ముడి ఉండదు. కొసలు అల్లికలోనే దూర్చేస్తాం. ఎంత బరువు పెట్టినా ఊడదు." మళ్ళీ ఆగింది. గురువు మళ్ళీ ఓపిక పట్టాడు. "మన సాధన తాళ్ళు సంచీలో ఉన్నాయి... సన్నవి, గట్టివి. ఎనిమిదీ జడ వేస్తే..."

సన్యాసినాయుడు మెల్లగా లేచాడు. "ఇది మాత్రం నాకు తెలియదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం వాళ్ళకు అదే మొదలు.

రోడ్డు పక్క చెట్టుకొమ్మకు ఆ సాధన తాళ్ళు కట్టారు. గురువు పాట ఎత్తుకున్నాడు. ఎనిమిది మందీ ఆ కొండ మలుపులో కోలాటం ఆడారు. అటుగా వచ్చిన లారీ డ్రైవరు బండి ఆపి, ఇదేం మొక్కో తెలియక దణ్ణం పెట్టి వెళ్ళాడు. జడ బిగువుగా పడింది. గురువు కావలసినంత కోసి, ఇంజన్లో బెల్టు తిరిగే చక్రాల చుట్టూ తిప్పాడు. నీలవేణి తలలోని పిన్ను తీసి, ఒక్కొక్క కొసనూ అల్లికలోకి దూర్చింది. ముడి ఎక్కడా లేదు. జడ బిగువుగా నిలిచేలా, గురువు అదే బెల్టుతో తిరిగే డైనమోను వెనక్కి లాగి బోల్టు బిగించాడు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ చల్లారిన రేడియేటర్‌లో పోశారు.

తాళం తిప్పాడు. ఎరుపూ పసుపూ పచ్చా కలిసిపోయి రంగులచక్రంలా బెల్టు తిరిగింది. దాని వెంట ఫ్యాను తిరిగింది.

కారు నెమ్మదిగా కొండెక్కింది. ప్రతి మలుపులోనూ గురువు, "చప్పుడేమైనా ఉందా నీలవేణమ్మా?" అని అడిగాడు. జవాబు వచ్చేదాకా ఆగాడు.

అరకు మైదానంలో వాళ్ళ జట్టు పేరు రెండోసారి పిలుస్తుండగా, కారు కిటికీల్లోంచి ఎనిమిది గొంతులు "ఉన్నాం" అన్నాయి. చేతుల నిండా నల్ల గ్రీజుతోనే వేదిక ఎక్కారు. ఒక్క అడుగు తప్పలేదు. జడ నున్నగా పడింది, నున్నగా వీడింది. మొదటి బహుమతి వాళ్ళదే.

నాలుగు మాటలు చెప్పమని మైకు గురువు చేతికిచ్చారు. ఆయన దాన్ని నీలవేణికి అందించాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. మైదానమంతా ఎదురుచూసింది.

"మా గురువుగారు దారి ఇచ్చారు..." అంది. "అందుకే రాగలిగాం."

పిల్లలూ, ఎదుటివారి మాటను సగంలో తుంచకూడదు. మనం దారి ఇచ్చిన మాటే, దారి తోచనినాడు మనకు దారి చూపుతుంది.