గడ్డి మిషన్‌కి కట్టిన తువ్వాలు

కడియం దారిలో సుభద్రమ్మగారి ఫంక్షన్ హాలుంది. ఆ హాలు ముందున్న పచ్చికను చూసుకునేది ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు తాతారావు, నడిమివాడు అబ్బులు, చిన్నవాడు వీర్రాజు. చెప్పింది చెప్పినట్టు చేసే తెలివైనవాళ్ళు జిల్లా మొత్తంలో తామేనని తాతారావుకి మహా గర్వం. చెప్పింది చెప్పినట్టు చేస్తారన్నది మాత్రం నిజమే, కాదనలేం.

ఒకరోజు పొద్దున్నే సుభద్రమ్మగారు గేటు దగ్గర నిలబడి, "తాతారావూ, సాయంత్రం ఆరింటికి పెళ్ళి విందు. గడ్డి చూస్తే మోకాళ్ళెత్తుంది. అప్పటికి కొయ్యకపోతే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అనేసి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళుగా నమ్ముకున్న పని.

తాతారావు గడ్డి కోసే మిషన్ బయటికి తీసి తాడు లాగాడు. అది నాలుగు దగ్గులు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఊరుకుంది. పోనీ దుమ్ము వల్ల అనుకుందామా, అందుకూ లేదు. కొన్నప్పుడు మెకానిక్ జోగినాథం "ఇంజిన్‌లోకి దుమ్ము రేణువు కూడా పోనివ్వకండి" అన్నాడని, అది గాలి పీల్చుకునే చోట తాడు లాగేముందే తాతారావు స్వయంగా తడి తువ్వాలు నాలుగు మడతలేసి బిగించి కట్టాడు.

జోగినాథానికి ఫోన్ చేశారు.

"దానికి గాలి అందట్లేదేమో చూడండి" అన్నాడతను.

అంతే, అబ్బులు విసనకర్ర తెచ్చి విసరడం మొదలెట్టాడు. ఇంజిన్ ఇంకా దగ్గింది. వీర్రాజు హాల్లోంచి పెద్ద ఫ్యాను లాక్కొచ్చి పెట్టాడు. ఆ గాలికి వంటవాళ్ళ విస్తళ్ళన్నీ లేచి రోడ్డెక్కాయి. "ముందు తువ్వాలు జారకుండా పట్టుకోండ్రా!" అని తాతారావు కేక.

మళ్ళీ ఫోన్. "గడ్డి మరీ పెరిగిందా? అయితే ఒక్కసారే కిందికంటా కొయ్యకండి. మిషన్ ఎత్తు పెంచి కొయ్యండి" అన్నాడు జోగినాథం.

ఇంకేముంది, తమ్ముళ్ళిద్దరూ చెరోవైపూ పట్టి మిషన్‌ని నడుమెత్తుకి లేపారు. ఆ ఎత్తునే పచ్చికంతా మూడు చుట్లు తిరిగారు. ఒక్క గడ్డిపరక తెగలేదు గానీ, సుభద్రమ్మగారు ప్రాణంగా పెంచుకున్న క్రోటన్ల తలలు మాత్రం మిషన్ తగిలి వరసగా విరిగిపోయాయి.

"అన్నయ్యా, ఇంకాస్త ఎత్తమంటావా?"

"చాల్లే, భుజాలు నొప్పెడతాయి" అన్నాడు తాతారావు.

మిషన్‌ని ఆటోలో వేసుకుని జోగినాథం షెడ్డుకి వెళ్ళారు. నలుగురిలోకి వెళ్తూ ఈ తడిగుడ్డ ఏం బావుంటుందని తాతారావు తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. జోగినాథం తాడు లాగాడు. ఒక్క లాగుకే ఇంజిన్ అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు.

"నా దగ్గర నిక్షేపంలా తిరుగుతోంది. మీ దగ్గరికొస్తేనే పేచీ" అనేసి జోగినాథం భోజనానికి వెళ్ళిపోయాడు.

తాతారావుకి ప్రాణం లేచొచ్చింది. "విన్నార్రా? మిషన్ ఇక్కడ తిరుగుతుందట. గడ్డి అక్కడుంటే మరి ఎలా తెగుతుంది?"

తమ్ముళ్ళు అన్న బుర్రకి దండం పెట్టారు. నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చి పరిచిన పచ్చికే కదా! పారలతో లేపి, మళ్ళీ చాపల్లా చుట్టి, నాలుగు ట్రిప్పుల్లో తెచ్చి షెడ్డులో పరిచారు. సిమెంటు నేల మీద దుమ్మెక్కడిదని తువ్వాలు కట్టలేదు. అంతే, మిషన్ ఒక్క ఊపులో మొత్తం కోసేసింది. ఆ నున్నదనం చూసి తాతారావుకి కళ్ళు చెమర్చాయి.

అయిదింటికి సుభద్రమ్మగారి ఫోన్.

"తాతారావూ, గడ్డేదయ్యా? ఇక్కడంతా బురదే కనపడుతోంది!"

"కోసేశామండీ. మెకానిక్ షెడ్డులో ఉందండీ. ఎంత బావుందో తమరొచ్చి చూడాలండీ."

అటువైపు నుంచి పెద్ద అరుపు. "ముందెలా ఉందో సరిగ్గా అలా తెచ్చి పరవండి! గంట టైమిస్తున్నా. లేదంటే మీ మొహాలు నాకు చూపించొద్దు!"

తాతారావు కోసిన గడ్డిని చూశాడు. తన మోకాళ్ళు చూసుకున్నాడు. ఏడుపొచ్చినంత పనయ్యింది. "ఒరే, ముందున్నట్టే కావాలట. మోకాళ్ళెత్తు! గంటే ఉంది, నీళ్ళు పట్టండ్రా."

అబ్బులు బిందెలతో పోశాడు. వీర్రాజు యూరియా చల్లాడు. భోంచేసి, కునుకు తీసి అప్పుడే వచ్చిన జోగినాథం గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ముప్పావుగంట గడిచింది. హాలు వైపు నుంచి సన్నాయి వినపడుతోంది.

"అన్నయ్యా, వేలెడు కూడా లేవలేదే!"

"ముగ్గురం గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా ఎదుగుతుందిరా? దానికి మాత్రం సిగ్గుండదూ? అటు తిరగండి."

అంతే, ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆరయ్యేదాకా ఒక్కడు తల తిప్పితే ఒట్టు.