చీటీ ఇచ్చేసిన దీవెనమ్మ

సముద్రం ఇప్పటికంటే రెండు ఆమడలు దూరంగా ఉన్న రోజుల్లో, ఉప్పులేటిపాలెంలో దీవెనమ్మ అనే ఒంటరి మనిషి ఉండేది. ఊళ్లో సిలువ గుడి ఊడ్చేది ఆమే, గంట కొట్టేది ఆమే, ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకు చేపల పులుసు వండేది ఆమే. ఆ రాజ్యంలో ప్రతి మనిషి దగ్గరా రాజముద్ర వేసిన చీటీ ఉండాలి. లేనివాళ్లను పట్టుకుపోతారు.

ఒకనాడు పగిలిన పడవలో ఒక ఆడమనిషి ఊరి ఏటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. భాష రాదు, చీటీ లేదు. "పరదేశిని గెంటేస్తే రేపు పైనున్న ప్రభువుకు ఏం ముఖం చూపిస్తాం?" అని గుడి అయ్యగారు ఆమెను వసారాలో ఉండనిచ్చారు.

మొదటి ఆదివారం ఆ పరదేశి అందరికంటే ముందే లేచి గుడి ఊడ్చేసింది. "అద్దంలా ఉందే!" అన్నారు జనం. దీవెనమ్మ కడుపు భగ్గుమంది.

రెండో ఆదివారం తన భాషలో పాట పాడింది. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ కళ్లు తుడుచుకున్నారు. దీవెనమ్మ కడుపు భగ్గుమంది.

మూడో ఆదివారం పులుసు వండింది. అయ్యగారు మూడుసార్లు పోయించుకున్నారు. దీవెనమ్మ పులుసు ఆయన ఏనాడూ రెండోసారి అడగలేదు. ఇక ఆ మంట ఆరలేదు. మర్నాడే ఉప్పు బండివాడితో ఠాణాకు కబురంపింది: "మా గుడిలో చీటీ లేని మనిషి ఉంది."

నాలుగో ఆదివారం ఆరాధన మధ్యలో భటులు వచ్చారు. "చీటీలు తియ్యండి!"

అయ్యగారు నేల చూపులు చూశారు. పెద్దలు ఎవరి చీటీ వాళ్లు తీసి చూపించారు. పాటకు ఏడ్చినవాళ్లే పక్కకు జరిగారు. ఆ పరదేశి ఒక్క పరుగున వచ్చి దీవెనమ్మ వెనక దూరి కొంగు పట్టుకుంది. "అక్కా" అంది. ఆమె నోట వినపడిన మొదటి తెలుగు మాట అది.

'ఇంతమంది ఉండగా నా దగ్గరికే వచ్చిందా!' దీవెనమ్మ గుండె నీరైంది. రొంటిన దోపుకున్న చీటీ తీసి, వెనక్కి చెయ్యి పెట్టి, ఆమె గుప్పిట్లో కుక్కింది.

"నీ చీటీ ఏదీ?" అన్నాడు భటుడు.

"లేదు బాబూ. మీరు వెతికే మనిషిని నేనే."

"మరి ఈమె?"

"చీటీ చేతిలోనే ఉందిగా. దీవెనమ్మ. ఈ గుడి ఊడ్చేది ఈమే. పులుసు వండేదీ... ఈమే."

అయ్యగారు నోరు తెరవబోతే కళ్లతోనే ఆపింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "చింతపండు కాస్త తగ్గించి చావు!" అని గదమాయించింది.

మళ్లీ రాలేదు. చెరలోనే పోయిందని ఉప్పు బండివాడు చెప్పాడు. ఠాణాకు కబురు పంపింది ఎవరో కూడా వాడే చెప్పాడు. ఎవరూ ఆమెను తిట్టలేదు. తాము పక్కకు జరిగిన సంగతి ఎవరికి వాళ్లకు తెలుసు.

ఇప్పటికీ ఆ గుడికి దిక్కులేని మనిషి వస్తే ఊరూ పేరూ అడగరు, ముందు పులుసు పోస్తారు. పైవాళ్లెవరైనా వచ్చి "ఎవరీ మనిషి?" అంటే, గుడి గుడంతా ఒక్క గొంతుతో "దీవెనమ్మ" అంటుంది. వచ్చింది గడ్డం పెరిగిన మగవాడైనా సరే, దీవెనమ్మే.