పెళ్ళిబొమ్మలో ముందు వరుస

గుమ్మటూరులో పెళ్ళిబొమ్మలు గీసే పాపన్నకు తన గొప్ప చెప్పుకోవడం రాదు. ఊళ్లో మిగతా అందరికీ అదొక్కటే వచ్చు.

జమీందారు కోదండపతి కూతురి పెళ్ళి కుదిరింది. మంచం దిగలేని నాయనమ్మ పాపన్నను పిలిపించి, "నేనెలాగూ పందిట్లోకి రాలేను. అడ్డుతెర తీసిన క్షణాన మా పిల్ల మొహం ఎలా ఉందో నాకు గీసి చూపించు నాయనా" అంది. పాపన్న మాటిచ్చాడు.

తీరా ముహూర్తం వేళకి జమీందారు బంధువులతో సహా వచ్చి, సరిగ్గా పెళ్ళిపీటల ముందే నిలబడ్డాడు. బొమ్మలో తానే ముందుండాలట! పాపన్నకు కనిపించిందల్లా ఒక పట్టుశాలువా, దాని కింద విశాలమైన వీపు.

జరగమంటే కొరడా దెబ్బలు ఖాయం. పాపన్న సంచిలోంచి పాత బొమ్మ ఒకటి తీశాడు.

"దొరా, నాది వట్టి దరిద్రపు చెయ్యి. పెద్దవాళ్ళు దగ్గరగా నిలబడితే వణుకుతుంది. కిందటేడు కొండూరు మునసబుగారు ఇలాగే ముందు నిలబడ్డారు. ఆయన్ని ఏం చేశానో చూడండి!"

బొమ్మలో మునసబు కందగడ్డకు మీసాలు మొలిచినట్టున్నాడు. బంధువులంతా వధూవరుల వెనక్కి పరుగెత్తారు. అందరికంటే ముందు పరుగెత్తింది జమీందారే.

తెర తొలగింది. పిల్ల తలెత్తి నవ్వింది. పాపన్న కళ్ళారా చూసి గీశాడు.

సాయంత్రం ఆ బొమ్మ చూసుకుని నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. జమీందారు మాత్రం ముక్కున వేలేసుకున్నాడు.

"ఒరేయ్, ఇంత చక్కటి చెయ్యి పెట్టుకుని ఆ మునసబును అలా పాడుచేశావేంరా?"

"పాడుచెయ్యలేదు దొరా" అన్నాడు పాపన్న చేతులు కట్టుకుని. "తమరు ఆయన్ని ఎప్పుడూ చూసినట్టు లేరు."